ఇన్నాసి ముంచిన గుట్ట

ఇన్నాసి అన్న మా గుమ్మం తొక్కాడంటే మా అమ్మ ముందు పెరట్లోకి పరిగెత్తేది. కుర్చీ తేవడానికి కాదు, సామాన్లు దాచడానికి. పగిలిన రోలు, కాలు విరిగిన ఇనప మంచం, బీటలు వారిన బావి ఒర, ఏది కంటబడినా "ఇది నీకు పనికొచ్చేదేనా పిన్నీ?" అని అడిగేవాడు. పనికిరాదని నోరు జారామా, మర్నాటికి అది సముద్రం అడుగున ఉండేది.

"నేను కాస్త మంచాన పడితే చాలు, నన్నూ తాడు కట్టి అక్కడే దింపుతాడు ఈ మనిషి" అనేది అతని భార్య పిలోమి వదిన.

"నిన్ను దింపితే ఉన్న చేపలు కూడా పారిపోతాయే, నీ నోటికి జడిసి" అనేవాడు అతను.

వాళ్ళకు పిల్లల్లేరు. ఒకరినొకరు దెప్పుకుంటూనే కాపురం ఈదుకొచ్చారు. నేను అదే ఒడ్డున తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన రెజీనాను. ఇన్నాసి అన్నను ఊళ్ళో తలో మాటా అన్నారు. మొండి అన్నారు, స్వార్థపరుడన్నారు, చివరికి పిచ్చి పట్టిందన్నారు. అన్నవాళ్ళందరి పొయ్యి మీదా అతను చేరదీసిన చేపే ఉడికింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

త్రివేండ్రానికి దక్షిణంగా ఉన్న మా మణల్‌తోపు తీరమంతా ఉట్టి ఇసుక. ఇసుక మీద చేప నిలవదు. దానికీ కాస్త నీడ కావాలి, దూరి దాక్కోవడానికి ఒక సందు కావాలి. మా తాతలు కొబ్బరాకు బుట్టల్లో రాళ్ళు పోసి సముద్రంలో దింపేవాళ్ళు. కొన్నాళ్ళకు వాటికి నాచు పట్టేది, గుల్లలు పట్టేవి, వాటి కోసం చిన్న చేప, దాని కోసం పెద్ద చేప వచ్చేవి. తరవాత ఇంజన్ల పడవలు వచ్చాయి. అడుగు గీకే వలలతో ఆ రాళ్ళన్నీ ఊడ్చిపారేశాయి. గాలం వేసేవాళ్ళు ఉత్త బుట్టలతో ఇంటికి రావడం మొదలైంది. అప్పుడే పెళ్ళయిన ఇన్నాసి అన్న, గీకినా కదలని బరువులు వేయాలి అనుకున్నాడు. లారీ టైర్లు, బావి ఒరలు, బడిలో విరిగిన బల్లలు, మెకానిక్కును బతిమాలి తెచ్చిన ఆటో చట్రం, ఊరు వద్దనుకున్నదల్లా రెండు తెప్పల మధ్య కట్టి తీసుకెళ్ళి ఒకేచోట దింపాడు. అలా ఇరవై ఏళ్ళు. ఆ గుట్ట మీద తొడంత లావు కలవ చేపలు చేరాయి. ఇంజను కొనే తాహతు లేని ముసలివాళ్ళు ఇన్నాసి అన్న తెప్ప వెనకే తెడ్డు వేసుకుంటూ వెళ్ళి అక్కడ గాలాలు వేసుకునేవాళ్ళు. పదకొండు ఇళ్ళు దాని మీదే బతికాయి.

ఆ గుట్ట ఎక్కడుందో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. దారి చూపే యంత్రాలు అప్పటికింకా మా తీరానికి రాలేదు. నీళ్ళ మీద ఒక చోటు పట్టాలంటే ఒడ్డు వైపు చూడాలి. ఒక ఇంటి మీద ఒక చెట్టు, ఒక గోపురం మీద ఒక కొండ, ఇలా రెండు వైపులా రెండేసి గుర్తులు ఒకదాని మీద ఒకటి నిలబడితే, ఆ రెండు గీతలూ కలిసిన చోట నువ్వున్నట్టు. దాన్ని మావాళ్ళు కణిచ్చం అంటారు. మా దగ్గర ఇల్లూ వాకిలీ కూతురికి ఇస్తారు, కణిచ్చం కొడుక్కి చెబుతారు. పెళ్ళానికి కూడా చెప్పరు. ఇన్నాసి అన్న వెనక వెళ్ళిన ముసలివాళ్ళు అక్కడున్నంతసేపూ ఒడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళు. తల తిప్పి చూస్తే పక్కవాడి ఇంట్లో చెయ్యి పెట్టినంత తప్పు.

ఒక్క యూజిన్‌కే చెప్పాడు. యూజిన్ మా పక్కింటి స్టెల్ల కొడుకు. తండ్రి దగ్గుతూ దగ్గుతూ పోయాడు. వాడికి జ్ఞానస్నానమప్పుడు తల మీద చెయ్యి వేసింది ఇన్నాసి అన్నే. జ్ఞానతండ్రి అంటే మా దగ్గర పేరుకు కాదు, సగం తండ్రి. వాడికి ఈత నేర్పాడు, తెప్ప కట్టడం నేర్పాడు. వాడు పెద్దయి రాళ్ళ మీద ఆల్చిప్పలు కోసుకొచ్చే మునిగేవాడయ్యాడు. ఊపిరి బిగబట్టి లోపలికి పోతే ఒడ్డునున్న వాళ్ళకు గుండె ఆగేది, వాడు మాత్రం నవ్వుతూ తేలేవాడు. అడుగున తన గుట్ట ఎలా ఉందో ఇన్నాసి అన్నకు వాడి కళ్ళతోనే తెలిసేది.

ఒక యేడు ఇంజను పడవున్న బెర్క్‌మాన్స్ రింగు వల ప్రవాహానికి కొట్టుకుపోయి ఆ గుట్టకు తగులుకుంది. లాగితే సగం చిరిగి వచ్చింది, సగం అక్కడే ఉండిపోయింది. బెర్క్‌మాన్స్ మంచివాడే, కానీ గొంతు పెద్దది. ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో పంచాయితీ పెట్టించాడు. మా తీరంలో చర్చి కమిటీ మాట దాటితే ఆ మనిషి చేపను ఒడ్డున వేలం పాడనివ్వరు.

"ఫాదర్, సముద్రమేమైనా ఈయన పెరడా?" అని లేచాడు బెర్క్‌మాన్స్. "ఊళ్ళో చెత్తంతా తీసుకెళ్ళి అందులో పోశాడు. నా వల పోయింది. ఆ వల మీద ఎంతమంది బతుకుతున్నారో ఈయనకు తెలీదా? ఆ చెత్తంతా పైకి లాగించండి."

"నీ వలను అక్కడికి రమ్మని బొట్టు పెట్టి పిలిచానా?" అన్నాడు ఇన్నాసి అన్న.

"చోటెక్కడో చెప్పుంటే అటు వచ్చేవాణ్ణే కాదు."

"చెప్పుంటే రోజూ వచ్చేవాడివి."

హాలంతా నవ్వింది. అప్పుడు యూజిన్ లేచాడు. వాడు జ్ఞానతండ్రికి మద్దతుగా మాట్లాడతాడనుకున్నాం.

"గుట్టనెవరూ కదపొద్దు. కానీ దాని మీద పడ్డ వల తియ్యాలి పెదనాన్నా. నేను దిగి చూశాను. టైర్ల మీద దుప్పటి కప్పినట్టు పడుంది. అందులో ఒక చేప చిక్కి చస్తోంది, దాన్ని తినడానికి ఇంకోటి వచ్చి చిక్కుతోంది. తాబేలు ఒకటి కుళ్ళి వేలాడుతోంది. నీ చేపల్ని నువ్వే పీనుగుల్ని చేస్తున్నావు."

"ఆ వల లాగితే గుట్ట విడిపోద్దిరా. ఇరవై ఏళ్ళ పని."

"లాగొద్దు, కోద్దాం. నలుగురం మునిగేవాళ్ళం, ఒక పడవ. రెండు పూటల పని."

"పడవలో వచ్చేవాళ్ళు కళ్ళు మూసుకుని వస్తారా?" అన్నాడు ఇన్నాసి అన్న. "ఇవాళ వల కోస్తారు, రేపు అదే చోటికి ఇంజన్లు వేసుకుని వస్తారు. ఆ పదకొండు ఇళ్ళ ముసలాళ్ళు అప్పుడు ఎక్కడ గాలం వెయ్యాలి? నీ నెత్తి మీదా?"

వాడేదో అనబోయాడు. ఇన్నాసి అన్న వాడి వైపు చూడకుండా ఫాదర్ వైపు తిరిగి చేతులు జోడించాడు. తనకు పిల్లల్లేరనీ, చేతులతో చేసింది అదొక్కటేననీ, దాన్ని ముట్టుకోవద్దనీ అందరి ముందూ ఏడ్చాడు. ముసలివాళ్ళు కూడా ఏడ్చారు. చేతులెత్తమంటే ఎక్కువ చేతులు అతని వైపే లేచాయి. గుట్టనూ వలనూ ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానమైంది. యూజిన్ కుర్చీ తన్ని బయటికి పోయాడు.

అదే కూర్చోవడంలో రెండో సంగతి వచ్చింది. మా అంద్రెయ చర్చి పాత గోపురం బీట వారింది, వానల్లో పిల్లల మీద కూలుతుందేమో, ముందే పడగొట్టి కొత్తది కట్టుకుందాం అని. మళ్ళీ చేతులెత్తమన్నారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని చూస్తూనే ఉన్నాను. సముద్రానికి వెళ్ళే మగవాళ్ళందరి ముఖాలూ పాలిపోయాయి. ఒక్కో చెయ్యీ బరువు మోసినట్టు లేచింది. ఒక్కడూ కాదనలేదు. ఎందుకంటే ఊళ్ళో సగం మంది కణిచ్చాలు ఆ గోపురం మీది శిలువతోనే కట్టి ఉన్నాయి. వద్దన్నవాడు తన గుర్తు బయటపెట్టుకున్నట్టే. పక్కవాడికి తెలిసిపోతుందని ప్రతివాడూ నోరు మూసుకుని, తన కన్ను తానే పొడుచుకున్నాడు. ఇంత తెలివితక్కువ పని మావాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. ఇన్నాసి అన్న కూడా చెయ్యెత్తాడు. వానలు పోయాక మెల్లిగా వెతుక్కుని కొత్త గుర్తులు పెట్టుకోవచ్చులే అనుకున్నాడట.

యూజిన్ వేరేలా ఆలోచించాడు. గోపురం పడిపోతే ఆ చోటు మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో, అప్పటిదాకా వల అక్కడే ఉంటుంది. పోనీ తనొక్కడే పోయి కోసేస్తే ఎవరికీ తెలియదు, జ్ఞానతండ్రి గుట్టూ బయటపడదు. గోపురం పడగొట్టే రోజు పొద్దున్నే, మగవాళ్ళంతా చర్చి దగ్గర తాళ్ళు పట్టుకుని ఉండగా, వాడు తెప్ప నీళ్ళలోకి తోశాడు. వాళ్ళమ్మతో ఆల్చిప్పలకు పోతున్నానని చెప్పాడు.

ఆ రోజు పండగలాగే ఉంది. ఆడవాళ్ళం పాటలు పాడాం. స్టెల్ల పెద్ద గిన్నెతో పాలు లేని టీ పోసి అందరికీ అందించింది. ఇన్నాసి అన్న ముందు వరసలో తాడు పట్టాడు. గోపురం ముందుకు వంగి, కాస్త ఆగి, కూలింది. దుమ్ములో ఒకరికొకరు కనబడలేదు, చప్పట్లు మాత్రం వినబడ్డాయి. ఆ చప్పట్లప్పుడు ఆ పిల్లవాడు నీళ్ళ కింద ఏం చేస్తున్నాడో అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

పొద్దు వాలకముందే దక్షిణం ఊరివాళ్ళు వాడి తెప్పను తాడు కట్టి లాక్కొచ్చారు. లంగరు తాడు తెగి కొట్టుకుపోతోందట. తెప్ప మీద స్టెల్ల కట్టిచ్చిన కప్ప, అదే ఉడకబెట్టిన కర్రపెండలం, విప్పని మూటలో అలాగే ఉంది. ఆల్చిప్పల బుట్ట ఇంట్లోనే ఉంది, కత్తి మాత్రం లేదు. వాడెక్కడికి వెళ్ళాడో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

స్టెల్ల అరవలేదు. ఇన్నాసి అన్న దగ్గరికి వెళ్ళి అతని చొక్కా పట్టుకుంది.

"అన్నా, నీకు తెలుసు. నా కొడుకు దగ్గరికి పోదాం పద."

అతను అప్పటికే తెప్ప వైపు పరిగెడుతున్నాడు. నీళ్ళలోకి దిగి, అలవాటుకొద్దీ ఒడ్డు వైపు తిరిగాడు. కొబ్బరి చెట్ల మీద శిలువ ఉండాల్సిన చోట ఆకాశం తప్ప ఏమీ లేదు. తెడ్డు చేతిలో పట్టుకుని నడుములోతు నీళ్ళలో అలా నిలబడిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి బెర్క్‌మాన్స్ పడవతో సహా ఊళ్ళో పడవలన్నీ వెళ్ళాయి. సీసపు గుండుకు సబ్బు పూసి దింపుతారు, పైకి లాగితే అడుగున ఇసుకో రాయో తెలుస్తుంది. ఎక్కడ దింపినా ఇసుకే. ఇన్నాసి అన్న ఇక్కడ అంటాడు, కాదు అక్కడ అంటాడు. అడ్డంగా ఒక గీత దొరుకుతోంది కానీ నిలువు గీత తేలడం లేదు. వానాకాలం అలలు అప్పుడే లావెక్కుతున్నాయి. ఇంకొక్క రోజు గడిస్తే సముద్రం ఎవరినీ రానివ్వదని అందరికీ తెలుసు. ఆ తరవాత దొరికినా తల్లికి చూపించడానికి ఏం మిగులుతుంది?

మధ్యాహ్నానికి అతను ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డాడు. చుట్టూ ఊరంతా ఉంది, పక్క ఊళ్ళవాళ్ళూ ఉన్నారు. ఎవరూ అడగకుండానే పైకి చెప్పాడు.

"అంద్రెయ శిలువ వెనక కొండకు రెండు మూపులుంటాయి. ఆ రెంటి మధ్య పల్లంలో శిలువ నిలబడాలి. ఇటు పక్క, ఐస్ ఫ్యాక్టరీ పొగగొట్టం లైట్‌హౌస్ ఎడమ అంచుకు తగలాలి. అంతే. అంతేరా నా దగ్గరున్నది."

అతని వెనక వెళ్ళే ముసలివాళ్ళు చెవులు మూసుకుని ముఖం తిప్పుకున్నారు. పాపం, వాళ్ళకింకా మర్యాదే గుర్తుంది. బెర్క్‌మాన్స్ మాత్రం ముందుకొచ్చాడు.

"రాళ్ళు పడ్డాయి గానీ చోటెక్కడికీ పోలేదుగా అన్నా. అక్కడే కర్ర లేపుదాం. లే."

పోక చెట్లు నరికారు, పడవల మీది కొయ్యలు తెచ్చారు, ఒకదానికొకటి తాళ్ళతో బిగించి కట్టారు. కొసన చర్చి పండగ జెండా, ఆ ఎర్రది, కట్టారు. కూలిన రాళ్ళ గుట్ట మీద దాన్ని నిలబెట్టడానికి ఊరు ఊరంతా తాళ్ళు పట్టాం. గాలికి అది ఊగుతుంటే ఒకవైపు లాగినవాళ్ళం ఇంకోవైపు ఎగిరిపడ్డాం. నా అరచేతులు చీరుకుపోయాయి. మా పక్కనే ఫాదర్ కూడా అంగీ ఎగగట్టి తాడు పట్టుకున్నాడు. స్టెల్ల నా వెనక నిలబడి, "వదలకు రెజీనా, వదలకు" అంటూనే ఉంది.

ఇన్నాసి అన్న దూరంగా నీళ్ళ మీద తెడ్డు నిలువుగా ఎత్తిపట్టుకున్నప్పుడు, దొరికిందని తెలిసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముగ్గురు మునిగారు. యూజిన్ వలలోనే ఉన్నాడు. కాలికి చుట్టుకున్న పోగులు నడుము దాకా బిగిశాయట. కత్తి చేతిలోనే ఉంది. తనను విడిపించుకోవడానికి కోసినవి కొన్నే, అంతకుముందు గుట్ట మీంచి కోసి చుట్ట చుట్టి పక్కన పెట్టిన వల మాత్రం చాలా ఉందని ఆ మునిగినవాళ్ళు చెప్పారు. వాడి ఒంటి చుట్టూ ఉన్నంత మేర కోసి వలతోనే పైకి తెచ్చారు. స్టెల్ల దాన్ని ఎవరినీ తియ్యనివ్వలేదు. తనే కూర్చుని ఒక్కో పోగూ వేళ్ళతో విప్పింది. ఇన్నాసి అన్న ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని సాయం చెయ్యబోతే అతని చెయ్యి పక్కకు తోసేసింది.

వానలు వచ్చాయి, పోయాయి. సముద్రం తెరిపిచ్చేసరికి ఆ చోటు ఊరందరిదీ అయిపోయింది. తాళ్ళు పట్టిన చేతులే కొత్త గుర్తులు పెట్టుకున్నాయి. పక్క ఊళ్ళ ఇంజన్లు కూడా వచ్చాయి. అబ్బో, ఆ యేడు కలవలు పడినట్టు ఎన్నడూ పడలేదు. మేం తట్టలు మోయలేక ఆటోలు మాట్లాడుకున్నాం. ముసలివాళ్ళకు ఆ గుంపులో గాలం వెయ్యడానికి జానెడు సందు దొరికేది కాదు. ఇన్నాసి అన్న తెప్ప ఇసుకలో ఎండుతూ ఉండేది.

తరవాత జరిగిన కమిటీలో అతనే లేచాడు.

"ఫాదర్, ఆ గుట్ట తీసేయించండి. మొత్తం. టైర్లు, వల, ఒక్క ముక్క ఉంచొద్దు."

బెర్క్‌మాన్స్ నేల చూపులు చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, నువ్వే గదా పదకొండు ఇళ్ళు దాని మీద బతుకుతున్నాయన్నావు. ఇవాళ ఊరంతా బతుకుతోంది. పోయిన ప్రాణం ఎటూ రాదు. నోటి దగ్గర కూడు తీసేస్తామా?"

"తీసేయమని నువ్వే గదరా కేకలేశావు!"

"అప్పుడు నాకు దాని విలువ తెలీదు."

చేతులెత్తారు. ఈసారి లేచింది ఇన్నాసి అన్న చెయ్యి ఒక్కటే. పిలోమి వదిన కూడా ఎత్తేదే, ఆడవాళ్ళ చేతులు లెక్కపెట్టరు. అప్పుడు వెనక నుంచి స్టెల్ల లేచింది. కొడుకు పోయాక తను నలుగురిలో నోరు తెరవడం అదే మొదటిసారి.

"గుట్ట ఉంచుకోండి. నా కొడుకు కూడా గుట్ట తియ్యమనలేదు. ఆ వల కోయించండి. వాడు సగం కోశాడు. మిగతా సగం ఎవరు కోస్తారు?"

మునిగేవాళ్ళందరూ గోడలు చూశారు. ఫాదర్ ఆలోచిద్దాం అన్నాడు. ఆలోచిద్దాం అంటే మా హాల్లో అయిపోయినట్టే.

మర్నాటి నుంచి ఇన్నాసి అన్న తెప్ప నీళ్ళలోకి దిగింది. మునిగే వయసు కాదు. నాలుగు కొక్కేల లంగరుకు తాడు కట్టి, దింపి, వలకు తగిలించి, పైనుంచి లాగేవాడు. ఒక్కోసారి మూర ముక్క వచ్చేది, ఒక్కోసారి దానితో టైరు ముక్కో కుళ్ళిన చేపో వచ్చేవి. అరచేతులు పచ్చి పుండ్లయ్యాయి. తెచ్చిన ముక్కలు ఒడ్డున పోసి కాల్చేవాడు. ఆ నల్లపొగకు నేను కూడా విసుక్కున్నాను. పడవలవాళ్ళు మొదట జాలిపడ్డారు, తరవాత తిట్టారు. లంగరు పడినప్పుడల్లా చేప బెదిరిపోతోందట, గుట్ట కదిలిపోతోందట.

"ముసలాయనా, ఇంటికి పోయి జపమాల తిప్పుకో" అని అరిచేవాళ్ళు.

"మీ అమ్మలు తిప్పాలిరా, మీరు తిరిగొచ్చేదాకా" అనేవాడు.

ఒక ఆదివారం పూజ చివర కమిటీ మాట చదివారు. ఊరి జీవనాధారానికి నష్టం కలుగుతోంది కనక ఇన్నాసి తెప్ప ఇక ఆ చోటికి వెళ్ళకూడదు, వెళితే పిలోమి వదిన చేపల తట్ట ఒడ్డున దిగకూడదు. ఎవరు దింపిన గుట్టకు ఎవరిని వెళ్ళొద్దన్నారో వినండి. నేను లేచి అడగాల్సింది, ఆ రోజు అక్కడ నా నోరూ పెగల్లేదు. ఇన్నాసి అన్న తల వంచుకుని విన్నాడు. పూజ అయ్యాక తిన్నగా స్టెల్ల ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. కొడుకు పోయాక వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకోవడం అదే మొదలు. స్టెల్ల లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది.

"వెళ్ళొద్దన్నారమ్మా" అన్నాడు.

"విన్నాను."

"పిలోమికి తట్ట తప్ప ఇంకేమీ లేదు."

"అదీ తెలుసు. ఇంకెంత ఉందన్నా వల?"

అతను చేతులు చూసుకున్నాడు. ఆ పుండ్ల చేతులతో ఎంతని చూపించగలడు?

"వాడు వదిలినదాంట్లో సగం పైనే ఉందమ్మా."

స్టెల్ల వీధిలోకి చూసింది. అప్పుడే పూజ నుంచి వస్తున్న కుర్రాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని సముద్రం వైపు వెళుతున్నారు. వాళ్ళలో ఆల్చిప్పలకు మునిగేవాళ్ళు ముగ్గురున్నారు, బెర్క్‌మాన్స్ చిన్న కొడుకు కూడా ఉన్నాడు.

"అయితే ఇంకా ఎవరి కొడుకో చిక్కడానికి సరిపడా ఉందిగా అన్నా" అంది.

ఇన్నాసి అన్న టీ గ్లాసు కింద పెట్టి, ఆ పుండ్ల చేతుల్లో ముఖం దాచుకున్నాడు. స్టెల్ల అతని పక్కనే కూర్చుంది.